ముందస్తు స్తోత్రం

పోయిన శనివారం ఆంటీ జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యం చెప్పమంటే నేను లేవలేదు.

మా తెలుగు ఫెలోషిప్ పెద్ద నా కుర్చీ దగ్గరికి రెండుసార్లు వచ్చారు. మొదటిసారి వంగి, "సిస్టర్, ఆంటీ ఆదరణ గురించి మీరు రెండు మాటలు చెప్పాలి. మిమ్మల్ని సొంత కూతురిలాగా చూసుకుంది కదా" అన్నారు. రెండోసారి మాట్లాడకుండా మైకు అందించబోయారు. నేను తల అడ్డంగా ఊపాను. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకున్నారు పాపం. "పర్లేదమ్మా, కన్నీళ్ళు కూడా సాక్ష్యమే" అని వెళ్ళిపోయారు. నా కళ్ళల్లో చుక్క నీళ్ళు లేవు. ఆ సంగతి ఆయనకి చెప్పి ఏం లాభం?

లేచినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఉద్యోగం వదిలేసి ఊరెళ్ళిపోదామని పెట్టె సర్దుకున్న రోజున ఆంటీ ఫోన్ చేసి ఆపిందని ఒక నర్సమ్మాయి చెప్పింది. ఢిల్లీ మునిర్కాలో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న కుర్రాడు, పరీక్ష రోజు ఆంటీ మెట్రో స్టేషన్ దాకా వచ్చి, తను గేటు దాటి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉందని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు. వీళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. నా కోపానికి అడ్డం వచ్చేది కూడా అదే. ఇంతమందికి మేలు చేసిన మనిషి నాకేం చేసిందో చెప్పబోతే, వినేవాళ్ళకి నేనే కృతఘ్నురాలిలా కనిపిస్తాను. మైకులో చెప్పలేనిది కనక ఇక్కడ రాసుకుంటున్నాను. ఆమె పేరు రాయను. మా ఫెలోషిప్‌లో కూడా ఆమె అందరికీ ఆంటీయే, పేరు తెలిసినవాళ్ళు తక్కువ.

తెనాలి వైపు మనిషి. భర్తకి సెంట్రల్ గవర్నమెంటులో ఉద్యోగం రావడంతో పెళ్ళైన కొత్తలోనే ఢిల్లీ వచ్చేసింది. ఇన్నేళ్ళున్నా తెనాలి యాస పోలేదు, హిందీ రాలేదు. కూరగాయల బండివాడితోనూ, ఆటో భయ్యాతోనూ ఆమెకి తెలిసిన హిందీ ముక్కలు రెండే. ఒకటి "అచ్ఛా". రెండోది "హో గయా". బండివాడు కూతురికి జ్వరమని చెబితే, అతని చేతిలోని సొరకాయ మీదే తన చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని, "హో గయా భయ్యా, హో గయా" అనేది. తగ్గిపోయింది అని. అతను బిత్తరపోయి చూసేవాడు, కానీ మర్నాడు ఆమె కోసం ఆగి మరీ కూతురి సంగతి చెప్పేవాడు.

మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ళ భుజం మీద లేని దుమ్ము దులపడం ఆమె అలవాటు. ఫోన్ చేస్తే హలో ఉండదు, వందనాలు ఉండవు. "ఆఁ, అయిపోయిందిగా?" అని మధ్యలోంచి మొదలుపెడుతుంది. ఏం అయిపోయిందో మనమే వెతుక్కోవాలి. ఇంటర్వ్యూ రేపు ఉంటే, ఆమె లెక్కలో అది నిన్ననే అయిపోయింది, ఉద్యోగం కూడా వచ్చేసింది.

మా కూడిక సాకేత్‌లో ఒక స్కూలు హాల్లో, ఆదివారం మధ్యాహ్నం జరుగుతుంది. పొద్దున అదే హాలు మలయాళీలది. మేం వెళ్ళేసరికి కుర్చీలు ఇంకా వెచ్చగా ఉండేవి. పాటలయ్యాక పది నిమిషాలు హెచ్చరిక. తెలియనివాళ్ళకి ఈ మాట దగ్గర కొంచెం ఆగి చెప్పాలి. బయట హెచ్చరిక అంటే కరెంటు స్తంభానికి తగిలించే పుర్రె బొమ్మ. మా సంఘాల్లో మాత్రం కుంగిపోయినవాడి పక్కన నిలబడి ధైర్యం చెప్పడాన్ని హెచ్చరిక అంటారు. పాత తర్జుమాల కాలం నుంచి ఆ మాట మాకు అలాగే అలవాటైంది. ఆ పది నిమిషాలూ ఆంటీవి.

ఆమె పద్ధతి ఏమిటంటే, అవసరం ఉన్నవాళ్ళని లేపి నిలబెట్టి, అడిగేది ఇంకా చేతికి రాకముందే వచ్చేసినట్టు స్తోత్రం చెప్పించేది. "ఉద్యోగం ఇవ్వు ప్రభువా అనబాకు. ఇచ్చినందుకు స్తోత్రం అను" అనేది. "ఇస్తాడేమో అనుకుంటే అది అనుమానం. ఇచ్చాడంటే విశ్వాసం." అలా మా హాల్లో కడుపు పండనివాళ్ళు బిడ్డ పుట్టినందుకు, ప్రిలిమ్స్ తప్పినవాళ్ళు కలెక్టర్లయినందుకు స్తోత్రాలు చెప్పారు. విచిత్రమేమంటే, వాటిలో కొన్ని నిజంగానే జరిగేవి. జరగనివాళ్ళు మెల్లగా వేరే సంఘాలకి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ గురించి మేమెవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

మా తమ్ముడు దీనికి ముందస్తు స్తోత్రం అని పేరు పెట్టాడు, ముందస్తు బెయిలులాగా. వాడు మునిర్కా పక్కనే ఉన్న యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదివేవాడు. అమ్మా నాన్నా పోయాక మాకు మిగిలింది మేమిద్దరమే. నాది గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరం మునిర్కాలో ఒక నాలుగో అంతస్తు ఇంట్లో అద్దెకి ఉండేవాళ్ళం. కూడిక నుంచి తిరిగొచ్చేటప్పుడు దారంతా వాడు ఆంటీ వ్యాకరణం మీద పాఠం చెప్పేవాడు. "అక్కా, ప్రపంచంలో భవిష్యత్ కాలం లేని భాషలున్నాయట. పరిశోధనకి ఎక్కడికో పోనక్కర్లేదు, సాకేత్ వెళితే చాలు." ఇంకోసారి, "ఆంటీ హెచ్చరికలో అన్నీ ఉంటాయి, హెచ్చరిక తప్ప" అన్నాడు. నేను నవ్వి నెత్తిన మొట్టాను. వాడికి ఆమె అంటే ఇష్టం. ఆమె ముందు ఒక్కరోజు కూడా వేళాకోళం చెయ్యలేదు.

నాకూ ఇష్టమే. ఇష్టం అనడం తక్కువ. ఢిల్లీ వచ్చిన కొత్తలో, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, ఇంటర్వ్యూలన్నీ పోయి మంచం దిగని రోజుల్లో, ఆమె నాలుగంతస్తుల మెట్లెక్కి వచ్చింది. మునిర్కా మెట్లు ఎలా ఉంటాయో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు, పక్కకి తిరిగితే మోచెయ్యి గోడకి తగులుతుంది. ఆయాసపడుతూ వచ్చి, కుర్చీ లేదని బకెట్ బోర్లించుకుని కూర్చుంది. కాసేపు నా గది చూసింది. "ఉద్యోగం వచ్చిన పిల్ల ఇల్లు ఇట్టాగేనా ఉండేది? లే, తల దువ్వుకో" అంది. నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. లేచి తల దువ్వుకున్నాను. ఆ నెలలోనే ఉద్యోగం వచ్చింది. ఆ మేలు నేను కాదనను, ఇప్పుడు కూడా.

అందుకే, తమ్ముడికి రక్తంలో క్యాన్సర్ అని తేలినప్పుడు నేను మొదట ఫోన్ చేసింది ఆంటీకే.

"అయిపోయింది. స్వస్థత అయిపోయింది. స్తోత్రం చెప్పు" అంది, నేను మాట పూర్తిచెయ్యకముందే.

చెప్పాను. ప్రతి ఆదివారం లేచి నిలబడి, తమ్ముణ్ణి బాగుచేసినందుకు స్తోత్రం అని చెప్పాను. హాలంతా నాతో కలిసి చెప్పింది. వాడు రాగలిగినన్ని రోజులు వచ్చి, జుట్టు ఊడిపోయిన తలకి ఉన్ని టోపీ పెట్టుకుని, వాడూ చెప్పాడు. ఆస్పత్రిలో మందులు మారుతూ పోయాయి. కొన్నాళ్ళకి డాక్టరు నన్ను గదిలోకి పిలిచి, మందు పనిచెయ్యడం లేదని, ఇంటికి తీసుకెళ్ళే విషయం ఆలోచించుకోమని మెల్లగా చెప్పారు. అక్కణ్ణించి తిన్నగా ఆంటీ దగ్గరికి వెళ్ళాను.

ఆమె నా భుజం దులుపుతూ అంతా వింది. "ఆ మాట నువ్వు నోటితో పలకబాకు" అంది. "పలికితే ఒప్పుకున్నట్టే. ముఖ్యంగా వాడి దగ్గర అసలు పలకబాకు. రోగం కంటే అధైర్యం తొందరగా చంపిద్ది."

నేను పలకలేదు. వార్డులో వాడి పక్కన కూర్చుని, నయమయ్యాక ఎక్కడెక్కడికి వెళ్ళాలో మాట్లాడేదాన్ని. వాడు కాసేపు విని, కిటికీ వైపు తిరిగి పడుకునేవాడు. ఏదో చెప్పబోయి ఆగినట్టు అనిపించేది. నేను గబగబా ఇంకేదో ఎత్తుకునేదాన్ని. ఆ గదిలో మేమిద్దరం ఒకరి ముందు ఒకరం మంచి విశ్వాసులుగా నటిస్తున్నామని నాకు తెలుసు. ఎవరో ఒకరు వచ్చి మమ్మల్ని ఆపితే బావుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఒక మధ్యాహ్నం ఆంటీని వాడి దగ్గర కూర్చోబెట్టి నేను మందులకి కిందికి వెళ్ళాను. క్యూ పెద్దగా ఉంది, ఆలస్యమైంది. మెట్లెక్కి వచ్చేసరికి ఆంటీ వార్డు తలుపు మూసి బయట నిలబడి ఉంది. కొంగుతో మొహం తుడుచుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. "లేచొస్తాడు. అయిపోయింది. ఎల్లి వాడి ముందర స్తోత్రం చెప్పు" అంది. నేను లోపలికి వెళ్ళి, "నీకు తగ్గిపోయిందిరా, స్తోత్రం చెప్పు" అన్నాను. వాడు నా వైపు చాలాసేపు చూశాడు. అంతసేపు ఎందుకు చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు. "సరేలే అక్కా. స్తోత్రం" అన్నాడు. ఆ తర్వాత వాడు నాతో మంచినీళ్ళు కావాలనో, లైటు తియ్యమనో తప్ప పెద్దగా మాట్లాడలేదు. ఆ వారంలోనే పోయాడు.

సమాధి దగ్గరికి ఆంటీ వచ్చింది. వెనక వరసలో నిలబడింది. అందరూ వెళ్ళేటప్పుడు నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తుందని ఎదురుచూశాను. ఎవరెవరికో పరీక్షలకి, ఆపరేషన్లకి, పెళ్ళిచూపులకి పొద్దున్నే ఫోన్ చేసే మనిషి. నాకు చెయ్యలేదు. తమ్ముడి మంచం ఖాళీగా ఉన్న ఆ ఇంట్లో, ఆఫీసు క్యాబ్ దిగి నాలుగంతస్తులెక్కి తాళం తీసుకునేటప్పుడు ఫోన్ మోగితే, ఆమేనేమో అనుకునేదాన్ని.

కొన్నాళ్ళకి, మొన్న సాక్ష్యం చెప్పిన ఆ నర్సమ్మాయే చెప్పింది, చెప్పకూడదనుకుంటూనే. వాడు పోయాక ఫెలోషిప్‌లో చాలామంది కంగారుపడ్డారట. అంతమందిమి స్తోత్రం చెప్పాక ఇలా ఎందుకైంది అని అడిగారట. అడగరూ మరి? అప్పుడు ఆంటీ హెచ్చరికలో నిలబడి, "ఆ పిల్ల పెదాలతో చెప్పింది గానీ, మనసులో అపనమ్మకం ఉంది. డాక్టరు మాట మోసుకొచ్చింది. మీరు ధైర్యం చెడబాకండి" అందట.

మిగతావాళ్ళ ధైర్యం చెడకుండా ఉండడానికి నన్ను వాడుకుంది. నా అపనమ్మకం వల్ల నా తమ్ముడు పోయాడని, నేను లేని చోట, నా కుర్చీ ఖాళీగా ఉన్న హాల్లో చెప్పింది. పోయిన శనివారం దాకా మళ్ళీ ఆ హాలుకి వెళ్ళలేదు. ప్రార్థన కూడా చాలాకాలం చెయ్యలేదు. నోరు తెరిస్తే ఏ కాలంలో మాట్లాడాలో తెలిసేది కాదు.

రెండేళ్ళ తర్వాత, మొన్నటి చలికాలంలో, అంకుల్ ఫోన్ చేశారు. ఆంటీకి లివరు పాడైందని, ఇంట్లోనే ఉంచారని, నన్ను అడుగుతోందని చెప్పారు. వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. నా మీద హాల్లో అలా ఎందుకు చెప్పారని ఆమె మొహం మీదే అడగాలని వెళ్ళాను తప్ప ప్రేమతో కాదు.

సాకేత్‌లో వాళ్ళ ఇంట్లో ముందు గదంతా చెప్పులు. లోపల మంచం చుట్టూ ఫెలోషిప్ పిల్లలు చేతులెత్తి నిలబడి ఉన్నారు. "ఆంటీని బాగుచేసినందుకు స్తోత్రం, లేపి నిలబెట్టినందుకు స్తోత్రం" అని ఒకరి తర్వాత ఒకరు అందుకుంటున్నారు. దుప్పటి కింద ఆమె చిన్నదైపోయింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆ కళ్ళు ఒక్కొక్కరి మొహం మీదా ఆగి, చివరికి నా దగ్గర నిలబడ్డాయి.

"వీళ్ళని కాసేపు అవతలికి పంపమ్మా" అంది.

పంపాను. "టీ తాగి రండి" అంటే వెళ్ళారు. తలుపు దగ్గరికి వేసి మంచం పక్కన కూర్చున్నాను.

"నువ్వు మాత్రం ఏం అనబాకు. ఊరికే కూర్చో" అంది. "ఆ స్తోత్రాలు వింటంటే భయమేస్తంది. నేను పోతానని ఒక్కళ్ళతో కూడా అనలేకపోతన్నా. అంటే పిల్లలు బెదిరిపోతారు."

నాకు జాలి వేసి ఉండాల్సింది. వెయ్యలేదు. "మా తమ్ముడికీ ఇలాగే భయమేసి ఉంటుంది ఆంటీ" అన్నాను. గుచ్చుకోవాలనే అన్నాను.

"వేసింది" అంది. "నాతో చెప్పాడు."

నాకు అర్థం కాలేదు. ఆమె పైకప్పు వైపు చూస్తూ, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది.

"నువ్వు మందులకి కిందికెళ్ళావు సూడు, ఆ రోజు. 'ఆంటీ, నేను బతకనని నాకు తెలుసు. అక్కకీ తెలుసు. ఇద్దరం ఆ మాట మాట్లాడుకోలేకపోతున్నాం. అక్కకి మీరంటే గురి. నాతో మాట్లాడమని మీరు ఒక్క మాట చెప్పండి. నేను పోయేలోపు అక్కతో మాట్లాడాలి' అన్నాడు. చెబుతానని మాటిచ్చా."

"మరి చెప్పలేదే" అన్నాను.

"బయటికొచ్చి నిలబడ్డా. నువ్వు మెట్లెక్కి వస్తన్నావు. మందుల సంచీ పట్టుకుని నా మొహం చూశావు. మంచి మాట కోసం చూశావు. ఆ చూపు చూశాక నా వల్ల కాలేదమ్మా. ఎప్పుడూ వచ్చే మాటే వచ్చేసింది."

అప్పుడు తెలిసింది నాకు, వాడు నా వైపు అంతసేపు ఎందుకు చూశాడో. ఆంటీ నాతో చెప్పేసిందనుకున్నాడు. మాట్లాడమని తను బతిమాలుకున్న సంగతి విని కూడా, నేను లోపలికొచ్చి స్తోత్రం చెప్పమన్నాననుకున్నాడు. అక్క తనతో మాట్లాడదలచుకోలేదనుకున్నాడు. అలా అనుకునే పోయాడు. చెప్పుకోవాలనుకున్నదేమిటో, దాన్ని కూడా తీసుకుపోయాడు.

"ఇంకేమన్నాడు ఆంటీ? నాతో ఏం మాట్లాడాలన్నాడు?"

"అది నాతో చెప్పలా. నీతోనే చెబుతానన్నాడు."

అవతలి గదిలో పిల్లలు టీ గ్లాసులు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె ఏడుస్తోంది, తుడుచుకునే ఓపిక లేదు. నేను తుడవలేదు.

"హాల్లో నీ మీద అట్టా చెప్పినందుకు కూడా..." అని ఆగింది. "నన్ను క్షమించానని ఒక్క మాట అనమ్మా. ఆ మాట ఇని పోతా."

అనొచ్చు. మా వాళ్ళలో ఎవరైనా అంటారు, చావుమంచం మీద ఉన్న మనిషి అడిగితే. నా నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ గదిలో ఇంకొక్క అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"ఇంకా రాలేదు ఆంటీ. వచ్చాక చెబుతాను" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది.

"మంచిది" అంది. "రాకుండా అనబాకు."

తర్వాత పదిహేను రోజులకి ఆంటీ పోయింది. నాకది ఇంకా రాలేదు.